ధర చెప్పేది ఎవరు? - పశ్చిమ ఆఫ్రికా పత్తి రైతుల అనుభవం

(రైతు సంఘం అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



2025 ఆగస్టు 19న కేంద్ర ప్రభుత్వం విదేశీ దూది మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 వరకే అన్నారు. తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. మన చేలల్లో కాయ పగిలి, తొలి తీత ఇంటికొచ్చే కాలం సరిగ్గా అదే. ఆ రోజుల్లో మేము ఊళ్లలో సభలు పెడుతుంటే ఒకచోట ఒక పెద్దాయన లేచి అడిగాడు: "పొడవు పింజ పత్తికి మద్దతు ధర 8,110 అని కాగితంలో ఉంది. ఎక్కడో అమెరికాలో పండే దూదికీ, నా రెండెకరాల చెలకలో పత్తికీ ఏం సంబంధం నాయనా?"

అప్పుడు మేము చెప్పిన జవాబు మాకే తృప్తినివ్వలేదు. ప్రపంచ మార్కెట్టు, సబ్సిడీలు అని నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాం. ఆ ప్రశ్నకు మనకంటే ముందే, మనకంటే ఎక్కువ మూల్యం చెల్లించి జవాబు తెలుసుకున్న రైతులు ఉన్నారు. వాళ్లు పశ్చిమ, మధ్య ఆఫ్రికా పత్తి రైతులు. బుర్కినా ఫాసో, మాలి, బెనిన్, చాడ్ దేశాల వాళ్లు. అందుకే ఇవాళ వాళ్ల గురించి మాట్లాడదలిచాం.

ఆఫ్రికా అనగానే మనకు కరువు, ఆకలి బొమ్మలే గుర్తొస్తాయి. పేపర్లు, టీవీలు చూపించింది అదే. కానీ ఆ పల్లెల్లో వానల మీద ఆధారపడి జొన్న, సజ్జ, మొక్కజొన్న, పత్తి పండిస్తారు. పత్తిని చేత్తోనే తీస్తారు. చేనుకు మందు కొట్టేదీ, అప్పు లెక్క చూసుకునేదీ ఇంటిల్లిపాదీ. అంటే అచ్చం మనలాంటి వాళ్లే.

దొర చేను

1919లో ఫ్రెంచివాళ్లు అప్పర్ వోల్టా అనే వలసను ఏర్పాటు చేశారు. ఇవాళ్టి బుర్కినా ఫాసో అదే. తలపన్ను వేశారు. గింజలిస్తే కుదరదు, డబ్బు రూపంలోనే కట్టాలి. డబ్బు కావాలంటే ఫ్రాన్సు మిల్లులకు కావలసిన పంట పండించాలి, లేదా కూలికి పోవాలి. అంతటితో ఆగలేదు. ఊరూరా పత్తి చేను వేయాలని హుకుం జారీ చేశారు. జనం దాన్ని 'కమాండెంటు చేను' అన్నారు. కమాండెంటు అంటే ఆ జిల్లా ఫ్రెంచి అధికారి. వాన పడగానే ముందు ఆ చేనుకు పోవాలి, తర్వాతే సొంత జొన్న చేను. వెట్టి సంగతి తెలిసిన తెలంగాణ పల్లెలకు ఇంతకంటే వివరించనక్కర్లేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఫ్రెంచివాళ్లు వచ్చి పత్తి నేర్పలేదు. అప్పటికే అక్కడ పత్తి ఉంది, వడికే ఆడవాళ్లున్నారు, నేసేవాళ్లున్నారు. పక్కనున్న ఫ్రెంచి సూడాన్‌లో, అంటే ఇవాళ్టి మాలిలో, స్థానిక నేతగాళ్లు ఫ్రెంచి వ్యాపారులకంటే మంచి ధర ఇచ్చేవారు. రైతులు తమ పత్తిని వాళ్లకే అమ్ముకునేవారు. సరసమైన ధర ఇచ్చి కొనలేకపోయారు కాబట్టే బలవంతం అవసరమైంది.

1932లో అప్పర్ వోల్టా వలసనే రద్దు చేసి పక్క వలసలకు పంచేశారు. ఐవరీ కోస్ట్ తోటలకు కూలీలు కావాలి. అదే ఏడాది నైజర్ నది మీద పెద్ద సాగునీటి పథకానికి ఒక సంస్థను పెట్టారు. ఫ్రాన్సు మిల్లులకు పత్తి పండించడం దాని ఉద్దేశం. అక్కడికి అప్పర్ వోల్టా పల్లెల నుంచి జనాన్ని బలవంతంగా తరలించారు. ఈ వెట్టి చట్టప్రకారం రద్దయింది 1946లో.

కంపెనీ కాంటా

1949లో ఫ్రెంచి ప్రభుత్వం వలసల పత్తి కోసం ఒక కంపెనీ పెట్టింది. 1960లో ఈ దేశాలన్నీ స్వాతంత్య్రం తెచ్చుకున్నాయి. జెండాలు మారాయి గాని పత్తి కంపెనీ పోలేదు. 1974లో మాలి ప్రభుత్వం సొంత పత్తి సంస్థ పెట్టినప్పుడు కూడా అందులో 40 శాతం వాటా ఆ ఫ్రెంచి కంపెనీదే.

ఆ ఏర్పాటు ఎలా పనిచేసిందో నిజాయితీగా చెప్పుకోవాలి. అందులో మంచీ ఉంది, చెడూ ఉంది. కంపెనీ విత్తనం, ఎరువు, పురుగుమందు అప్పుగా ఇస్తుంది. దేశమంతటా ఒకే ధర ఉంటుంది. దాన్ని పంటకాలానికి ముందే ప్రకటిస్తారు. దూరపు పల్లెకైనా లారీ వచ్చి పత్తి ఎత్తుకుపోతుంది. కాంటా వేసి, అప్పు పట్టుకుని, మిగిలింది ఇస్తారు. అడ్తి దుకాణం లేదు, దళారి లేడు. మన పత్తి రైతుల్లో ఎంతమందికి విత్తనం వేసేటప్పుడు తాను అమ్ముకునే ధర తెలుసు? కాబట్టి ఆ ఒక్క విషయంలో వాళ్ల ఏర్పాటు మనకంటే మెరుగు.

ఇక చెడు. కొనేవాడు ఒక్కడే. గ్రేడు చెప్పేది వాడే, అప్పు లెక్క రాసేదీ వాడే. అప్పు ఊరి సంఘం పేరు మీద ఉంటుంది. ఒకడు కట్టలేకపోతే పక్కవాడి పత్తి డబ్బులోంచి కోసుకుంటారు. బాగా పండించినవాడు కూడా ఉత్త చేతులతో ఇంటికి పోయిన సందర్భాలున్నాయి. ఊళ్లో మనుషులకూ మనుషులకూ మధ్య తగాదాలు పెట్టింది ఈ ఉమ్మడి పూచీ.

1990ల నుంచి ప్రపంచ బ్యాంకు రంగంలోకి దిగింది. ప్రభుత్వ పత్తి కంపెనీలు అసమర్థమైనవి, ప్రైవేటుకు అమ్మేయండి, అప్పులు కావాలంటే ఇది చేయాలి అంది. కంపెనీల్లో అవినీతి ఉన్న మాట నిజమే. కానీ బ్యాంకు చూసింది కంపెనీ లాభనష్టాలు. అమ్మేశాక దూరపు పల్లెకు లారీ వస్తుందా, విత్తే ముందు ధర చెబుతారా అన్నది రైతు ప్రశ్న. ఆ రెండింటికీ చాలా దూరం.

చేతిలో నోటు ఎవరిది?

పత్తి వాళ్లదే, చేను వాళ్లదే. చేతికొచ్చిన నోటు మాత్రం వాళ్లది కాదు. ఈ నాలుగు దేశాల్లో చెలామణి అయ్యేది సీఎఫ్ఏ ఫ్రాంకు. 1945లో ఫ్రెంచి ప్రభుత్వం సృష్టించిన డబ్బు అది. మొదట ఫ్రెంచి ఫ్రాంకుతో కట్టారు, ఇప్పుడు యూరోతో కట్టారు. ఒక యూరోకు 655.957 ఫ్రాంకులు, అంతే. విదేశీ మారక నిల్వల్లో సగం ఫ్రాన్సు ఖజానాలో ఉంచాలన్న నిబంధన పశ్చిమ ఆఫ్రికా దేశాలకు 2019 డిసెంబరులో ప్రకటించిన సంస్కరణ దాకా కొనసాగింది.

ఇది పత్తి చేనుకు ఎలా తగులుతుంది? ప్రపంచ మార్కెట్లో దూదిని డాలర్లలో అమ్ముతారు. 2001లో ఒక డాలరు దూది అమ్మితే సుమారు 730 ఫ్రాంకులు వచ్చేవి. 2008 మధ్యకు వచ్చేసరికి అదే డాలరుకు సుమారు 420 ఫ్రాంకులే. చేనులో ఏమీ మారలేదు. యూరో బలపడింది, అంతే. యూరోపు వ్యవహారాలతో మాలి రైతుకు ఏ పాత్రా లేదు. కానీ ఆ రైతు పత్తి ధర మాత్రం దాదాపు సగం కోసుకుపోయింది.

అంతకుముందు 1994 జనవరిలో దీనికి తలకిందులుగా జరిగింది. రాత్రికి రాత్రి ఫ్రాంకు విలువ సగం చేశారు. పత్తి ధర పెరిగిందని సంతోషించే లోపే దిగుమతి చేసుకునే ఎరువు, మందుల ధరలు మండిపోయాయి.

పత్తి మానేయమన్నారు

2001-02 సంవత్సరంలో ప్రపంచ మార్కెట్లో దూది ధర పౌనుకు 42 సెంట్ల దగ్గరకు కూలిపోయింది. మూడు దశాబ్దాల్లో అంత తక్కువ లేదు. అప్పుడు అమెరికాలో పత్తి రైతులు సుమారు 25,000 మంది. వాళ్లకు ఏడాదికి ఆ ప్రభుత్వం ఇచ్చిన సబ్సిడీ సుమారు 300 కోట్ల డాలర్లు. అప్పట్లో బుర్కినా ఫాసో దేశ మొత్తం వార్షికోత్పత్తి దాదాపు అంత. పశ్చిమ, మధ్య ఆఫ్రికాల్లో పత్తి మీద బతికేవాళ్లు కోటి మందికి పైమాటే.

ధర పడితే రైతు సాగు తగ్గిస్తాడు, సరుకు తగ్గితే ధర మళ్లీ లేస్తుంది అని చెబుతారు. అమెరికాలో మాత్రం అప్పుడు ధర పడ్డా సాగు తగ్గలేదు. ఎందుకంటే లోటు ఖజానా పూడ్చింది. ఆ దూది ప్రపంచం మీద పడింది. దెబ్బ ఖజానా లేని రైతుకు తగిలింది. మన పెద్దాయన అడిగిన ప్రశ్నకు మొదటి జవాబు ఇది.

2003లో ఆ నాలుగు దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థ తలుపు తట్టాయి. మాకు దానం వద్దు, మీ సబ్సిడీలు ఎత్తేయండి, ఎత్తేసేదాకా నష్టపరిహారం ఇవ్వండి అని అడిగాయి. జూన్‌లో బుర్కినా ఫాసో అధ్యక్షుడు బ్లేజ్ కంపావోరే జెనీవా వెళ్లి చెప్పారు. సెప్టెంబరులో మెక్సికోలోని కాన్‌కున్‌లో మంత్రుల సమావేశం. ఆ దేశపు పత్తి రైతు సంఘం నాయకుడు ఫ్రాంసువా ట్రావోరే అక్కడికి వెళ్లి రైతుల తరఫున నిలబడ్డారు.

అక్కడ ముసాయిదాలో వచ్చిన జవాబు వినండి. పత్తి మీద ఎక్కువగా ఆధారపడిన దేశాలు వేరే రంగాలకు మళ్లేందుకు సాయం చేయాలట! సబ్సిడీ ఇచ్చేవాణ్ని ఆపమని అడిగితే, పండించేవాణ్ని మానుకోమన్నారు. సమావేశం ఏ ఒప్పందం లేకుండా ముగిసింది.

ఇదే కాలంలో బ్రెజిల్ అమెరికా పత్తి సబ్సిడీల మీద కేసు వేసింది. బెనిన్, చాడ్ అందులో మూడో పక్షంగా చేరి తమ నష్టం చెప్పుకున్నాయి. కేసు గెలిచింది. అమెరికా ఏం చేసింది? 2010 నుంచి బ్రెజిల్ పత్తి రంగానికి ఏడాదికి 14.73 కోట్ల డాలర్ల చొప్పున కట్టడానికి ఒప్పుకుంది. 2014లో మరో 30 కోట్ల డాలర్లు ఇచ్చి వ్యవహారం ముగించింది. ఎందుకు? తీర్పు అమలు చేయకపోతే అమెరికా సరుకుల మీద ఎదురు సుంకాలు వేయగల శక్తి బ్రెజిల్‌కు ఉంది. బెనిన్‌కూ చాడ్‌కూ ఆ శక్తి లేదు. ఆ సొమ్ములో వాళ్లకు పైసా రాలేదు. న్యాయం తన పక్కన ఉన్నంత మాత్రాన ధర రాదని ఆఫ్రికా రైతు అక్కడ నేర్చుకున్నాడు.

విత్తనం పాఠం

2008లో బుర్కినా ఫాసో మాన్‌శాంటో కంపెనీ బిటి పత్తిని వాణిజ్య సాగుకు అనుమతించింది. కొద్ది ఏళ్లలోనే పత్తి విస్తీర్ణంలో మూడింట రెండు వంతులకు పైగా బిటి వచ్చేసింది. ఇందులో రైతుకు మేలు లేదని మేము అనడం లేదు. ఆరుసార్లు కొట్టే మందు రెండుసార్లకు తగ్గింది. వీపున డబ్బా మోసేవాడికి అది చిన్న సంగతి కాదు. కానీ పాత విత్తనానికి హెక్టారుకు వెయ్యి ఫ్రాంకుల లోపు అయ్యేది, బిటికి సుమారు 27,000 ఫ్రాంకులు అయింది.

అసలు దెబ్బ జిన్నింగ్ మిల్లులో బయటపడింది. ఆ ప్రాంతపు పత్తికి పేరు తెచ్చింది చేతి తీత, పొడవు పింజ. ప్రభుత్వ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కష్టపడి సాధించిన గుణం అది. బిటి జన్యువు చేర్చాక పింజ పొట్టిదైంది. వంద కిలోల పత్తి ఆడిస్తే వచ్చే దూది కూడా తగ్గింది. చేనులో కనపడని నష్టం బేరం దగ్గర కనపడింది. పొడవు పింజకూ మధ్యరకం పింజకూ మన దగ్గర మద్దతు ధరలోనే క్వింటాలుకు 400 రూపాయలు తేడా. దేశం మొత్తం సరుకు ఒక మెట్టు దిగితే ఎంత నష్టమో లెక్క వేసుకోండి.

బుర్కినా పత్తి కంపెనీలు 4,800 కోట్ల ఫ్రాంకులకు పైగా పరిహారం అడిగాయి. 2016-17 సీజనుకు పూర్తిగా పాత రకాలకు తిరిగి వెళ్లారు. 2017లో మాన్‌శాంటోతో రాజీ కుదిరింది. ఇక్కడ రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, వాళ్లు వెనక్కి పోగలిగారంటే పాత విత్తనం వాళ్ల చేతిలోనే ఉంది కాబట్టి. రెండు, పింజ ఎంత, దూది శాతం ఎంత అని ఏటా రాసిన లెక్కలు ఉన్నాయి కాబట్టి అడగగలిగారు. మన దగ్గర 2002లో బిటి వచ్చింది. గులాబీ రంగు పురుగు దానికి అలవాటు పడిపోయాక, పాత రకానికి మళ్లుదామంటే విత్తనం ఏ దుకాణంలో దొరుకుతోంది?

వాళ్లు ఊరికే లేరు

ఇదంతా వింటే ఆఫ్రికా రైతు అన్నీ భరిస్తూ కూర్చున్నాడనిపిస్తుంది. అది నిజం కాదు.

1983లో బుర్కినాలో అధికారానికి వచ్చిన థామస్ సంకారా మన పత్తి మనమే నేసి మనమే కట్టుకుందాం అన్నాడు. ప్రభుత్వోద్యోగులు స్థానిక నేతబట్ట కట్టాలన్నాడు. 1987 జులైలో ఆఫ్రికా దేశాధినేతల సభలో, ఈ విదేశీ అప్పులు కట్టనవసరం లేదు, అందరం కలిసి చెబుదాం అన్నాడు. అక్టోబరు 15న ఆయన్ని చంపేశారు. తర్వాత గద్దెనెక్కింది కంపావోరే. ఆ హత్య కేసులో 2022లో కోర్టు ఆయనకు ఆయన లేకుండానే యావజ్జీవ శిక్ష వేసింది. రైతుల పక్షాన జెనీవాలో మాట్లాడిందీ ఆయనే. నాయకుడు మన మాట మాట్లాడినంత మాత్రాన మనవాడని తీర్మానించుకోకూడదు.

మాలి రైతులు 1991లో పత్తి తీత, అమ్మకం ఆపుతామని నిలబడి, తమ సొంత సంఘం పెట్టుకున్నారు. 2000లో కంపెనీ ధర తగ్గిస్తే చాలా పల్లెల్లో పత్తి గింజే నాటలేదు. జొన్న, మొక్కజొన్న వేసుకున్నారు. ఆ ఏడాది దేశ పత్తి ఉత్పత్తి దాదాపు సగానికి పడిపోయింది. మరుసటి సీజనుకు కిలో ధర 200 ఫ్రాంకులకు పెంచక తప్పలేదు. వాళ్లకు ఆ శక్తి ఎక్కడిది? తిండి పంట వదులుకోలేదు. పత్తి వేయకపోయినా ఆ ఏడాది ఇంట్లో పొయ్యి వెలిగింది. చెలకంతా పత్తి పెట్టి, రేషను బియ్యం మీద, అప్పు మీద బతికే రైతు 'ఈ ఏడాది వేయను' అనగలడా?

బుర్కినాలో రైతు సంఘం 1999లో పత్తి కంపెనీలో 30 శాతం వాటా సంపాదించింది. ధర నిర్ణయించే బల్ల దగ్గర రైతుకు కుర్చీ వచ్చింది. అయితే అదీ పూర్తి గెలుపు కాదు. కుర్చీలో కూర్చున్న నాయకుడు కంపెనీ మాట మాట్లాడుతున్నాడని ఊళ్లలో సణుగుడు మొదలైంది. 2011లో ధర చాలక రైతులు విత్తడానికే నిరాకరించి, కొన్ని చోట్ల మొలకెత్తిన చేలు పీకేసేదాకా పోయింది. ఇది మా సంఘానికి కూడా వర్తించే హెచ్చరిక. దాచుకోకుండా చెబుతున్నాం.

ఇవాళ మాలి, బుర్కినా ఫాసోల్లో సైనిక పాలన ఉంది. పల్లెల్లో సాయుధ ముఠాల హింస వల్ల చేనుకు పోవడమే భయమైన చోట్లున్నాయి. ఫ్రెంచి సైన్యాన్ని పంపించేసి రష్యాతో చెలిమి చేస్తున్నారు. అయినా దూదిలో చాలా భాగం ఇంకా బేళ్లుగానే బయటకు పోతోంది. మనిషి మారాడు గాని బేరం మారలేదు.

మనం చేయవలసింది

మొదటిది. ఆఫ్రికా రైతు మన పోటీదారు కాదు. మాలి, బెనిన్ దూది మన దేశపు మిల్లులకు కూడా వస్తుంది. సుంకం ఎత్తేసినప్పుడు ఆ దూదీ వచ్చి ఉంటుంది. మన ధర పడిందని ఆ రైతును తిడితే, ఇద్దరి ధరనూ దించేవాడు నవ్వుకుంటాడు. 2018లో అమెరికా మన పత్తి మద్దతు ధరను కూడా తప్పుపడుతూ ప్రపంచ వాణిజ్య సంస్థకు రాసింది. ఆ సంస్థలో ఆ నాలుగు దేశాల గొంతుకు మన ప్రభుత్వం గొంతు కలపాలని మన తీర్మానాల్లో రాయాలి.

రెండోది. దిగుమతి సుంకం సంగతి విత్తే ముందే తేలాలి. మాలి రైతుకు జూన్‌లో ధర చెప్పగలిగినప్పుడు, పంట చేతికొచ్చే వేళ మన నియమాలు మార్చడం ఏం న్యాయం? తీత మొదలయ్యాక సుంకం తగ్గించకూడదని మనం అడగాలి.

మూడోది. ప్రతి గ్రామ కమిటీ ఒక పుస్తకం పెట్టాలి. ఏ విత్తనం, ఎన్ని మందులు, ఎకరానికి ఎంత దిగుబడి, కాంటా దగ్గర తేమ ఎంత చూపించారు, తరుగు ఎంత తీశారు, పింజ ఏ రకమన్నారు. ఏటా రాయాలి. బుర్కినా వాళ్లు పరిహారం అడిగింది ఇలాంటి లెక్కతోనే.

నాలుగోది. చెలకలో కొంత భాగం జొన్నకో, కందికో ఉంచుకోండి. ఇది సేద్యం సలహా మాత్రమే కాదు. బేరం దగ్గర 'నాకు వద్దు' అనగల శక్తి అందులోనే ఉంది.

ఆ పెద్దాయన మళ్లీ కలిస్తే ఇదే చెబుతాం. "అయ్యా, అమెరికా దూదికీ నీ రెండెకరాలకూ సంబంధం ఉంది. దాన్ని నువ్వు కట్టలేదు, ఎవరో కట్టారు. ఎవరు కట్టారో తెలిస్తేనే ఎక్కడ విప్పాలో తెలుస్తుంది. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, వచ్చే ఆదివారం సంఘం మీటింగుకు రా."